“అత్తా హి అత్తనో నత్థి”: తాను లేడా, తనకు లేడా?

బుద్ధుడి మాటలుగా చెప్పే పాళీ పద్యాల పుస్తకం ధమ్మపదంలోని రెండు గాథలు (పద్యాలు) పక్కపక్కన పెట్టి, ఒకే పుస్తకం రెండు నాలుకలతో మాట్లాడుతోందేమిటని ఇక్కడ ఒకరు అడిగారు. నాకు తోచింది రాస్తున్నా.

160వ గాథ “అత్తా హి అత్తనో నాథో, కో హి నాథో పరో సియా” అంటుంది. తనకు తానే దిక్కు, ఇంకెవరు దిక్కవుతారు అని. 62వది చూస్తే “పుత్తా మత్థి ధనమ్మత్థి ఇతి బాలో విహఞ్ఞతి, అత్తా హి అత్తనో నత్థి, కుతో పుత్తా కుతో ధనం”. నాకు కొడుకులున్నారు, డబ్బుంది అంటూ తెలివిలేనివాడు కిందామీదా పడతాడు, తనకు తానే లేడు, ఇక కొడుకులెక్కడ, డబ్బెక్కడ. (అత్తా అంటే అత్తగారు కాదు లెండి, పాళీలో ఆత్మ అలా అయింది.)

ఈ రెండోదాన్ని చాలామంది “నేను అన్నది ఒట్టి భ్రమ” అని చదివేస్తారు. అది తొందరపాటే. గాథలోని “మత్థి” విడదీస్తే “మే అత్థి”, అంటే నాకు ఉంది, నాది అని. అదే అచ్చులో “అత్తనో నత్థి” వచ్చింది, అంటే తాను కూడా తన సొత్తు కాదని. ఉనికి సంగతి కాదిది, హక్కు సంగతి. అనత్తలక్ఖణ సుత్తంలోనూ (ఏది ఆత్మ కాదో బుద్ధుడు చెప్పిన ఉపదేశం) వాదం ఇదే దారిలో నడుస్తుంది: రూపమే, అంటే ఈ ఒళ్లే, ఆత్మ అయితే “నా రూపం ఇలా ఉండాలి, ఇలా ఉండకూడదు” అంటే వినాలి కదా, వినదు, కాబట్టి అది ఆత్మ కాదు. మనమూ “ఒళ్లు మాట వినడం లేదండీ” అంటూనే ఉంటాం, కానీ బుద్ధుడు అక్కడ ఆగకుండా వేదన (సుఖదుఃఖాల అనుభవం), సంజ్ఞ (గుర్తుపట్టడం), సంస్కారాలు (మనసు చేసే సంకల్పాలు), చివరికి విజ్ఞానం (ఎరుక) దాకా అదే ప్రశ్న వేసుకుంటూ పోయాడు.

*వ్యాఖ్య:* అయితే ఇవేవీ కాని ఆత్మ వేరే ఉందనేగా తేలింది?

అలా కూడా అనలేం. వచ్ఛగోత్తుడనే పరివ్రాజకుడు (ఊరూరా తిరిగే సన్యాసి) సూటిగానే అడిగాడు, ఆత్మ ఉందా అని. బుద్ధుడు పలకలేదు. పోనీ లేదా అంటే దానికీ మౌనమే. అతను వెళ్లిపోయాక శిష్యుడు ఆనందుడు ఎందుకలా అని అడిగితే, ఉందంటే ఆత్మ ఎప్పటికీ ఉంటుందనే శాశ్వతవాదుల పక్షం అవుతుంది, లేదంటే చావుతో అంతా అయిపోతుందనే ఉచ్ఛేదవాదుల పక్షం, పైగా అతను అసలే అయోమయంలో ఉన్నాడు, “నిన్నటిదాకా ఉన్న నా ఆత్మ ఇప్పుడు లేకుండా పోయిందే” అని ఇంకా కంగారుపడతాడు అన్నాడు బుద్ధుడు. బుద్ధుడి ఉపదేశాల సంకలనం సంయుత్త నికాయంలో ఉంది ఈ ముచ్చట, నాకు చాలా ఇష్టం.

*వ్యాఖ్య:* మౌనంతో తప్పించుకుంటే ఎలాగండీ? బ్రహ్మసూత్ర భాష్యంలో శంకరులు “య ఏవ హి నిరాకర్తా తదేవ తస్య స్వరూపమ్” అన్నారు. లేదనేవాడెవడో వాడే ఆత్మ!

గట్టి దెబ్బే, ఒప్పుకుంటా. కాదనడం అనే పని జరుగుతోందని దానితో తేలుతుంది. ఆ పని వెనక ఎప్పటికీ మారని ఒక్కడు కూర్చున్నాడని మాత్రం తేలదు, బౌద్ధులు పట్టుకునేది అక్కడే. 160వ గాథ రెండో సగం కూడా చూడండి, “అత్తనా హి సుదన్తేన నాథం లభతి దుల్లభం”. బాగా అదుపులోకి తెచ్చుకున్న తనవల్లే సులువుగా దొరకని దిక్కు దొరుకుతుందట. మొదటినుంచీ లోపలున్న యజమాని అయితే “లభతి” ఎందుకు, “దుల్లభం” ఎందుకు? ఇక్కడ నాథుడు ముందే ఉన్నవాడు కాదు, సాధనతో సంపాదించుకోవాల్సినవాడు.