జిల్లా పేజీలు తగ్గించి యాప్ చూసుకోమంటున్నారు, ఇంక పేపర్ ఎందుకు వేయించుకోవాలి?

బ్రాడీపేట_మూడోలైను:
బిల్లు కోసం ఏజెంట్ వస్తే అడిగా, జిల్లా పేజీలు ఇట్టా తగ్గిపోయినయ్ ఏందండీ అని. మిగతాది యాప్‌లో ఉంటది చూసుకోండి సార్ అన్నాడు. యాప్ తెరిచి గుంటూరు అని నొక్కినా పైన సినిమా ఫొటోలు, కింద రాశిఫలాలు, మధ్యలో ఒక ప్రకటన మూస్తే ఇంకోటి తెరుచుకుంటది. నేననేది ఒకటే, అచ్చు పూర్తిగా ఆపేసి మొత్తం ఆన్‌లైన్‌కి రావాలి, వచ్చేదేదో డబ్బులు తీసుకుని సరిగ్గా రావాలి. న్యూయార్క్ టైమ్స్ 2011లోనే చదవాలంటే కట్టాల్సిందే అని పెట్టింది, ఇవాళ దానికి అచ్చు పేపర్ తెప్పించుకునేవాళ్ళ కంటే ఫోన్‌లో కట్టి చదివేవాళ్ళే చాలా ఎక్కువ. మనోళ్ళు మాత్రం పేపర్‌కి నెలకి రెండొందల పైన తీసుకుంటారు, అదే వార్త ముందురోజు రాత్రే సైట్‌లో ఉచితంగా పెడతారు. ఇంక కొనేవాడు ఎందుకు కొంటాడు? మీరంతా ఇంకా వేయించుకుంటున్నారా?

గాంధీనగర్_శారద:
మా అత్తగారి కోసం వేయిస్తున్నాం. ఆవిడకి ఫోన్‌లో అక్షరాలు ఆనవు.

ఏజెంటుగారబ్బాయి:
అన్నా, అచ్చు ఆపేయాలని ఒక్క ముక్కలో అనేశారు. మాది సత్యనారాయణపురం, నాన్నది ఏజెన్సీ. రాత్రి వ్యాన్ వాడు కట్టలు పడేసి పోతే తెల్లారి నాలుగింటికి కూర్చుని లెక్క చూసి, పాంప్లెట్లు పెట్టి, లైన్ల వారీగా కుర్రాళ్ళకి పంచాలి, ఎవడన్నా రాకపోతే ఆ లైన్ నాన్నే సైకిలేసుకుని తిరిగేవాడు. మీరందరూ ఇంటర్నెట్ ఇంటర్నెట్ అంటారు గానీ మా లైన్లు పడిపోయింది 2020 మార్చిలో. పేపర్ మీద వైరస్ ఉంటదని అపార్ట్‌మెంట్ల వాళ్ళు కుర్రాళ్ళని గేటు దగ్గరే ఆపేశారు. కొన్ని పేపర్లు జిల్లా టాబ్లాయిడ్ (విడిగా వచ్చే చిన్న సైజు పేపర్) ఎత్తేసి మెయిన్‌లో కలిపేసింది కూడా అప్పుడే. ఆగిన ఇళ్ళల్లో చాలామంది మళ్ళీ మొదలుపెట్టలేదు. పైగా కాగితం రేటు. దిగుమతి న్యూస్‌ప్రింట్ మీద 2019 బడ్జెట్‌లో 10 శాతం సుంకం వేశారు, మరుసటేడు 5 చేశారు, ఊపిరి పీల్చుకునే లోపు 2022లో ఉక్రెయిన్ యుద్ధం వచ్చి రష్యా కాగితానికి ఇబ్బంది అయింది. పేజీలు తగ్గాయంటే సగం కారణం అదే.

బ్రాడీపేట_మూడోలైను:
తమ్ముడూ మీ నాన్నగారి కష్టాన్ని నేను కాదనట్లేదు, కాగితం రేటు పెరిగింది కాబట్టే కాగితం మానేయమంటున్నా. నేనడిగిందానికి జవాబు చెప్పు, రాత్రి ఉచితంగా ఇచ్చేదాన్ని పొద్దున్న డబ్బులకి ఎట్టా అమ్ముతారు?

ఏజెంటుగారబ్బాయి:
రాత్రి సైట్‌లో పెట్టేది మెయిన్ వార్తలు అన్నా. జిల్లావి పెట్టరు.

బ్రాడీపేట_మూడోలైను:
పెడతారు. ఈ-పేపర్‌లో మొత్తం ఉంటది.

ఏజెంటుగారబ్బాయి:
ఈ-పేపర్ వచ్చేది తెల్లారుజామున. మీరు రాత్రి అన్నారు.

కొరిటెపాడు_కిరణ్:
టైం సంగతి వదిలేయండి ఇద్దరూ. డబ్బులు పోయింది గూగుల్, ఫేస్‌బుక్‌లకి. ఒకప్పుడు ఇల్లు అద్దెకివ్వాలన్నా, పెళ్ళి సంబంధానికైనా, బండి అమ్మాలన్నా క్లాసిఫైడ్స్ దిక్కు. ఇప్పుడు ఒక్కోదానికీ ఒక్కో యాప్ ఉంది. ఫేస్‌బుక్ లాంటి కంపెనీలు వార్తలకి డబ్బులివ్వాలని కెనడా 2023లో చట్టం చేస్తే, ఆ ఆగస్టు నుంచి ఫేస్‌బుక్ అక్కడ వార్తల లింకులే కనపడకుండా చేసింది. గూగుల్ మాత్రం ఏడాదికి 10 కోట్ల కెనడా డాలర్లు ఇవ్వడానికి ఒప్పుకుంది. మన దగ్గర అంత గట్టిగా అడిగేవాళ్ళు ఎవరున్నారు?

వన్‌టౌన్_పెద్దాయన:
అందరూ ఇంటర్నెట్ మీద తోస్తున్నారు నాయనా. ఆంధ్రపత్రిక 1914లో దినపత్రికగా మొదలై 1991లో మూతపడింది. ఉదయం 1984లో వచ్చి 1995లో పోయింది. ఇదే బెజవాడలో 1960లో నార్ల వెంకటేశ్వరరావు గారి సంపాదకత్వంలో మొదలైన ఆంధ్రజ్యోతి 2000 చివర్లో ఆగిపోయి 2002లో మళ్ళీ లేచింది. అప్పుడు జనం చేతుల్లో ఫోన్లున్నాయా? నడపలేక పోయినయ్. నిలబడింది ఎందుకు నిలబడిందో చూడండి. 1989లో ఈనాడు జిల్లాకో చిన్న పేపర్ పెట్టాక మన వీధిలో కుళాయి రాలేదన్న ముక్క కూడా వార్త అయింది. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు 1992లో సారా మీద తిరగబడితే ఆ ఊరి పేరు రాష్ట్రమంతా తెలిసింది అట్టాంటి రాతల వల్లే. ఆ జిల్లా పేజీలే తగ్గిస్తే ఇంక ఏం మిగిలింది చెప్పండి, అది ఫోన్‌లో వేసినా కాగితం మీద వేసినా.

సింగ్‌నగర్_పద్మ:
నేను చాలారోజుల నుంచి ఇక్కడ చదువుతానే గానీ రాయను, ఇది మాత్రం రాయాలనిపించింది. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు మా మీదకి వచ్చినప్పుడు మాకు పేపరూ లేదు ఫోనూ లేదు. కరెంట్ పోయింది, ఛార్జింగ్ అయిపోయింది, పేపర్ అబ్బాయి ఎట్టా వస్తాడు మెడలోతు నీళ్ళల్లో. పక్క మేడ మీద ఎవరో పవర్ బ్యాంక్ ఇస్తే ఫోన్ ఆన్ అయింది, అవగానే వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్, కట్ట మళ్ళీ తెగింది ఇంకా నీళ్ళు వస్తన్నాయి అని. ముసలాళ్ళని మోసుకుని ఇంకో అంతస్తు ఎక్కించాం. అది అబద్ధం అని తర్వాత తెలిసింది. వాట్సాప్ సరే, ఒక పెద్ద పేపర్ సైట్ తెరిచాను నిజమేంటో చూద్దామని, ప్రకాశం బ్యారేజీకి ముప్పు అని పెట్టి చివర ప్రశ్నార్థకం. లోపలికి వెళ్తే ముప్పు లేదని ఇంజినీర్లు చెప్పారని ఉంది. 11 లక్షల క్యూసెక్కుల పైన నీళ్ళు వెళ్తన్నాయి, పడవలు వచ్చి గేట్ల దగ్గర కొట్టుకున్నాయి, అవన్నీ నిజమే, ఆ నిజం రాస్తే చాలదా అండి? మేం మేడ మీద ఉండి చదువుతున్నాం అది.

గాంధీనగర్_శారద:
పద్మగారూ, మా చెల్లెలు వాళ్ళు పాయకాపురంలో ఉన్నారు, వాళ్ళకీ అదే వాయిస్ వచ్చింది.

మాజీ_మండలవిలేకరి:
పద్మమ్మా, ఆ ప్రశ్నార్థకం పెట్టినవాడు నీళ్ళ దగ్గరికి వచ్చినవాడు కాదు, ఎక్కడో ఆఫీసులో కూర్చుని ఎన్ని క్లిక్‌లు వచ్చాయో చూసుకునేవాడు. నేను గుంటూరు జిల్లాలో ఒక మండలానికి చాలాకాలం రాశా. మాకు జీతం ఉండదు. లైన్ అకౌంట్ అంటారు, అచ్చయిన లైన్లు కొలిచి ఇస్తారు, ఆ డబ్బు పెట్రోలుకి రాదు. దాని మీద యాడ్ టార్గెట్, ఆగస్టు 15కి, సంక్రాంతికి, నాయకుల పుట్టినరోజులకి. డిజిటల్ వచ్చాక ఏం మారిందంటే వార్తతో పాటు ఫోన్‌లో వీడియో కూడా తీసి వెంటనే పంపాలి, దానికి పైసా లేదు. జిల్లా పేజీలు తగ్గాయంటే మాకు అచ్చయ్యే లైన్లు తగ్గాయని, అంటే ఆ వచ్చేది కూడా తగ్గిందని.

బ్రాడీపేట_మూడోలైను:
టార్గెట్ మాట మీరే ఎత్తారు కాబట్టి అడుగుతున్నా. మా నాన్న పల్నాడులో చిన్న స్కూల్ నడిపేవాడు. ఒక విలేకరి వచ్చి ఆగస్టు 15కి యాడ్ ఇమ్మన్నాడు, ఈసారి కుదరదన్నాడు మా నాన్న. వారం తిరక్కముందే ఫొటోతో సహా వార్త, బస్సుకి ఫిట్‌నెస్ లేదు, పిల్లల ప్రాణాలతో చెలగాటం అని. నాన్న ఆ తర్వాత ఊళ్ళో తలెత్తుకుని తిరగలేకపోయాడు. ఇదా మీ జిల్లా పేజీ గొప్పతనం? ఇది పోతే నాకేం బాధ లేదు.

మాజీ_మండలవిలేకరి:
బస్సుకి ఫిట్‌నెస్ ఉందా లేదా?

బ్రాడీపేట_మూడోలైను:
లేదు. అదే ఊళ్ళో యాడ్ ఇచ్చిన ఇంకో స్కూల్ బస్సుకి కూడా లేదు. అది రాలేదేం?

మాజీ_మండలవిలేకరి:
రావాల్సింది. రెండూ రావాల్సింది. కానీ నువ్వు నన్ను బెదిరింపులోడిలా చూస్తున్నావు చూడు, అది తప్పు బాబూ. నాకూ పిల్లలున్నారు, యాడ్ తేకపోతే విలేకరి కార్డ్ తీసేస్తారు. జీతం ఇవ్వకుండా మనిషిని ఊళ్ళోకి పంపిస్తే వాడు ఎవరి మీద బతకాలి? యజమాని ఇవ్వడు, చదివేవాడు రూపాయి పెరిగితే మానేస్తానంటాడు. మీరంతా వార్త నిజంగా ఉండాలంటారు, అది తెచ్చేవాడి ఇంట్లో పొయ్యి వెలగడానికి మాత్రం ఎవరూ బాధ్యులు కారు.

కొరిటెపాడు_కిరణ్:
పేదరికం ఉంటే బ్లాక్‌మెయిల్ చేయొచ్చా సార్?

మాజీ_మండలవిలేకరి:
నేను చేయలా. చేయలేకే మానేశా.

వన్‌టౌన్_పెద్దాయన:
నెమ్మది, నెమ్మది.

బ్రాడీపేట_మూడోలైను:
సార్, మీ మీద కాదు నా కోపం. నేను కట్టనని కూడా అనట్లేదు. కాగితమా ఫోనా అని మొదలుపెట్టా గానీ నా అసలు బాధ ఇది, నేనిచ్చే డబ్బు కంపెనీకి పోతది, ఆ కంపెనీ ఎన్నికలొస్తే ఒక పార్టీ జెండా పట్టుకుంటది, మా మండలానికి వచ్చిన మనిషి మాత్రం మా నాన్న దగ్గరికి యాడ్ కోసం రావాల్సొస్తది. అతనికే నేరుగా ఇచ్చే దారి ఉంటే ఇవాళే ఇస్తా.

మాజీ_మండలవిలేకరి:
నేరుగా ఇస్తే నీ మీద వార్త వచ్చినప్పుడు ఎవరు రాస్తారు? నువ్వే ఇచ్చేవాడివైతే ఇంకో యాడ్ పార్టీవి అవుతావు. మధ్యలో వార్త సరిచూసే ఒక డెస్క్ ఉండాలి, కాదనగలిగే ఎడిటర్ ఉండాలి. దానికీ డబ్బు కావాలి.

కొరిటెపాడు_కిరణ్:
ఆ ఎడిటర్ కూడా యజమాని జీతగాడే కదా.

సింగ్‌నగర్_పద్మ:
ఒక మాట చెప్పనివ్వండి. వరద తర్వాత నీళ్ళొచ్చిన కింది పోర్షన్ వాళ్ళకి 25 వేలు, పైవాళ్ళకి 10 వేలు అన్నారు. మా వీధిలో కొన్ని ఇళ్ళ పేర్లు జాబితాలో రాలేదు. వార్డు సచివాలయం చుట్టూ తిరిగాం, వీడియోలు తీసి గ్రూపుల్లో పెట్టాం, లైకులు వచ్చాయి అంతే. ఒక కుర్రాడు పేపర్ తరఫున వచ్చి ఒక్కో ఇంటికీ వెళ్ళి, తలుపు నంబర్లు రాసుకుని, సచివాలయం వాళ్ళనీ అడిగి జిల్లా పేజీలో చిన్న ముక్క వేశాడు. తర్వాత మళ్ళీ వచ్చి సర్వే చేశారు. అందరికీ వచ్చిందని చెప్పను, మా పక్కింటావిడకి ఇప్పటికీ రాలేదు. కానీ మళ్ళీ వచ్చారు. ఆ కుర్రాడు మమ్మల్ని ఏమీ అడగలేదు, టీ కూడా తాగలేదు.

బ్రాడీపేట_మూడోలైను:
ఆ ముక్కకి అతనికి ఎంతొచ్చి ఉంటది?

మాజీ_మండలవిలేకరి:
చిన్న ఐటెం అంటున్నారు, సిటీలో జీతం మీద ఉన్నవాడైతే వేరు. మాలాగా లైన్ అకౌంట్ అయితే ఆరోజు సింగ్‌నగర్ వచ్చిపోయిన పెట్రోలు కూడా రాదు.

బ్రాడీపేట_మూడోలైను:
సరే, నా మాట ఇది. నేనిచ్చే డబ్బులో మా ఊరి విలేకరికి ఎంత పోతుందో బిల్లు మీద రాసివ్వమనండి, రేటు ఇంకో వంద పెంచినా వేయించుకుంటా, ఫోన్‌లో ఇచ్చినా సరే. రాయలేమంటే ఈ నెలాఖరుతో ఆపేస్తున్నా.

ఏజెంటుగారబ్బాయి:
బిల్లు మీద ఏం రాయాలో మా చేతుల్లో ఉండదన్నా. ఆపాలనుకుంటే నెలాఖరు దాకా ఆగకుండా 25లోపు మీ ఏజెంట్‌కి చెప్పండి. ఇండెంట్, అంటే ఎన్ని కాపీలు కావాలో చెప్పే లెక్క, వెళ్ళిపోయాక చెప్తే ఆ కాపీ నష్టం ఆయనకే పడుద్ది.