‘రైడర్’ పుస్తకాల అరకి తెలుగు పేరు: స్వారీయా, రౌతులా, ఇంకేదైనానా?

ప్రశ్న (విజయనగరం నుంచి):

అందరికీ నమస్కారం. మా కాలేజీ లైబ్రరీలో పిల్లలు ఇంగ్లిషు పుస్తకాలు ముట్టుకునేలా చేద్దామని నెలకో అర ప్రత్యేకంగా సర్దుతున్నాం. ఈసారి పేరులో ‘రైడర్’ అన్న మాట ఉన్నవన్నీ ఒకచోట పెట్టాం. జేన్ గ్రే ‘రైడర్స్ ఆఫ్ ది పర్పుల్ సేజ్’, సింజ్ నాటకం ‘రైడర్స్ టు ది సీ’, కేథరిన్ ఆన్ పోర్టర్ ‘పేల్ హార్స్, పేల్ రైడర్’, విటి ఇహిమాయెరా ‘ది వేల్ రైడర్’, టిమ్ క్రాబె ‘ది రైడర్’, నీల్ పియర్ట్ ‘ఘోస్ట్ రైడర్’, హోరోవిట్జ్ రాసిన అలెక్స్ రైడర్ పుస్తకాలు. కౌబాయ్ నవల నుంచి ఆత్మకథ దాకా అన్ని రకాలూ ఉన్నాయి. అర మీద తెలుగులో ఒక అట్ట రాసి పెట్టాలి. ‘స్వారీ’ అని ఒకరూ, ‘రౌతులు’ అని ఒకరూ, ‘ఆశ్వికులు’ అని మరొకరూ అంటున్నారు. ఏది పెట్టమంటారు?

జవాబు:

అమ్మా, మీ జాబితా చూసి చాలా సంతోషించాను. అయితే ఆ మూడు మాటల్లో ఏదీ అరంతటికీ సరిపోదు. ఇంగ్లిషులో గుర్రమెక్కినా, సైకిలెక్కినా, తిమింగలమెక్కినా మనిషి ‘రైడరే’. తెలుగు ముందు కిందున్నదేమిటో చూసి, ఆ తర్వాతే పైనున్నవాడికి పేరు పెడుతుంది. గుర్రానికి రౌతు, ఏనుగుకి మావటి. ఆ ఏనుగు మీదే అంబారీలో కూర్చున్న రాజుని మాత్రం మావటి అనం. సైకిల్ తొక్కుతాం, బండి నడుపుతాం, బస్సెక్కుతాం. దేవుళ్ల దగ్గరికొస్తే అది వాహనం.

‘స్వారీ’ని ముందు పక్కన పెట్టేయొచ్చు. పారశీకంలో ‘సవార్’ అంటే ఎక్కినవాడు, ‘సవారీ’ ఆ పని. మనకి వాడుకలో నిలిచింది పని పేరే, మనిషి పేరు కాదు. జీను కూడా ఆ దారినే వచ్చింది. చికాకోల్ సర్కారుగా శ్రీకాకుళం ఫౌజుదార్ల (నవాబుల కాలపు అధికారుల) చేతిలో ఉన్న రోజుల్లో ఈ మాటలు మన వైపు బాగా తిరిగే ఉంటాయి. మీ పుస్తకాలన్నీ మనుషుల గురించి కాబట్టి పని పేరు అతకదు.

‘రౌతు’ చాలా మంచి మాట. సంస్కృతంలోని రాజపుత్రుడే ప్రాకృతంలో అరిగి రాహుత్తుడై, చివరికి రౌతయ్యాడు. అంటే పుట్టుకతో అది యోధుడి పేరు. ఒడియాలో రావుత్ అన్న ఇంటిపేరూ ఇదే వేరు నుంచి వచ్చింది. మన విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లోనూ రౌతు అన్న ఇంటిపేరు వాళ్లు ఎంతమంది ఉన్నారో మీకు తెలుసు. రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ల మీద నడుస్తుందన్న సామెత గుర్రం మొహం చూడని ఇళ్లలో కూడా వినిపిస్తుంది. మేన్ రీడ్ రాసిన టెక్సాస్ నవల ‘ది హెడ్‌లెస్ హార్స్‌మన్’ మీ అర మీద ఉండుంటే, తల లేని రౌతు అని కళ్లు మూసుకుని రాసేయొచ్చు.

జేన్ గ్రే దగ్గర మాత్రం రౌతు నిలవదు. 1912లో వచ్చిన నవల అది, కథ 1871 నాటి యూటాలో జరుగుతుంది. జేన్ విదర్‌స్టీన్ అనే ఆసామి దగ్గర ఎర్ర మంద, తెల్ల మంద అని రెండు పెద్ద పశువుల మందలుంటాయి. వాటిని గుర్రాల మీద కాసే జీతగాళ్లే ఆ ‘రైడర్స్’. వాళ్లని రౌతులంటే పటాలం కళ్ల ముందుకొస్తుంది. మన వైపు ఆసామి దగ్గర జీతానికుండేవాణ్ణి కంబారి అంటాం కదా, ఆ మనుషుల తీరు దానికి దగ్గర. గుర్రపు కాపరులు అంటే గుర్రాల్ని కాసేవాళ్లనుకుంటారు. గుర్రమెక్కిన గొడ్లకాపరులు అని విప్పి చెప్పడమే నయం.

పోర్టర్ కథ ఇంకా లోతైనది. 1939లో ఆ పేరుతో పుస్తకం వచ్చింది, కథ 1918 ఇన్‌ఫ్లుయెంజా రోజులది. పేరు మూలం ప్రకటన గ్రంథం ఆరో అధ్యాయంలో ఉంది. అక్కడ తెలుగు బైబిల్ చూడండి: ‘పాండుర వర్ణముగల ఒక గుఱ్ఱము కనబడెను, దాని మీద కూర్చున్నవాని పేరు మృత్యువు.’ రౌతు అనలేదు, ‘కూర్చున్నవాడు’ అన్నారు. గ్రీకు మూలంలోనూ కూర్చున్నవాడనే ఉంది. మృత్యువు గుర్రాన్ని అదిలించక్కర్లేదు, కూర్చుంటే చాలు, అదే నడుస్తుంది. ఆ వాక్యం చదివినప్పుడల్లా ఒళ్లు జలదరిస్తుంది. పోర్టర్ పుస్తకం పేరుని తెలుగు చేస్తే ‘పాండుర’ (పాలిపోయిన) అన్న మాటని వదలకూడదని నా పట్టుదల. తెల్ల గుర్రం అంటే పెళ్లికొడుకు గుర్తొస్తాడు.

ఇహిమాయెరా నవల 1987లో వచ్చింది. న్యూజిలాండ్ మావోరీల్లో కొన్ని తెగల మూలపురుషుడు పైకెయా తిమింగలమెక్కి వచ్చాడని వాళ్ల ఐతిహ్యం. వంశానికి మగపిల్లాడు కావాలని ముత్తాత మొహం తిప్పుకున్న కాహు అనే పిల్లే చివరికి తిమింగలమెక్కుతుంది. ఇక్కడ మనకున్న సౌకర్యం ఇంగ్లిషుకి కూడా లేదు. గరుడవాహనుడు, మూషికవాహనుడు, మహిషవాహనుడు అని ఎక్కినదాన్ని బట్టే పూజ్యులకి పేరు పెట్టడం మనకి అలవాటు. ‘తిమింగలవాహన’ అని రాసి చూడండి. ఆ పిల్ల మీద కథలో ఆమె తెగవాళ్లకుండే భక్తి ఆ ఒక్క సమాసంలోకి వచ్చేస్తుంది.

క్రాబె నవల డచ్చిలో 1978లో వచ్చింది, ఒక సైకిల్ పందెం కథ. నీల్ పియర్ట్ ‘రష్’ అనే బ్యాండులో డ్రమ్ములు వాయించేవాడు. కూతురూ, ఏడాది తిరగకుండానే భార్యా పోతే మోటారు సైకిల్ మీద యాభై అయిదు వేల మైళ్లు తిరిగి రాసిన పుస్తకం ‘ఘోస్ట్ రైడర్’. అదే పేరుతో మార్వెల్ కామిక్సూ ఉన్నాయి, పిల్లలు అదనుకుని తీస్తారు. తీయనివ్వండి, మంచి పుస్తకం చేతికొస్తుంది. అలెక్స్ రైడర్‌కి మాత్రం అనువాదం వద్దు, అది ఆ అబ్బాయి ఇంటిపేరు.

ఇక అట్ట మీద మాట. నా ఓటు ‘ఎక్కినవాళ్లు’కి. గుర్రానికీ, సైకిలుకీ, మోటారు సైకిలుకీ, తిమింగలానికీ సరిపోయేది ‘ఎక్కు’ ఒక్కటే. అది పామరుల మాట, బరువుండదు అంటారేమో. రాయలు పోయాక పెద్దన చెప్పాడంటారే ఆ చాటువు తలుచుకోండి:

‘ఎదురైనచోఁ దన మదకరీంద్రము నిల్పి
కేలూఁత యొసఁగి యెక్కించుకొనియె’

కరీంద్రం సంస్కృతం. కానీ చెయ్యందించి పైకి లాగిన ఆ క్షణానికొచ్చేసరికి ‘ఎక్కించుకొనియె’ అన్నాడు, ఆరోహణం అనలేదు. కవికి జరిగిన అంత పెద్ద మన్ననని మోసింది అచ్చతెలుగు క్రియే.

వ్యాఖ్య (శ్రీకాకుళం నుంచి):

మాస్టారూ, అన్నీ బాగున్నాయి గానీ సింజ్ నాటకాన్ని దాటేశారేటి? మాది భావనపాడు దగ్గర. ఆ నాటకం చదువుతుంటే మా ఊరి ముసలమ్మల మాటలు విన్నట్టే ఉంటుంది. కొడుకుల్ని ఒక్కొక్కణ్ణీ సముద్రానికి ఇచ్చుకున్న తల్లి కథ. మా వాళ్లు సముద్రంలోకి పోవడాన్ని వేటకెళ్లడం అంటారు. దాని పేరు ‘వేటకెళ్లినవాళ్లు’ అని పెడితే మా తెప్పల మీదవాళ్లకీ అందుతుంది. ‘రౌతులు’ అంటే వాళ్ల నోట పలకదు.

జవాబు:

బాబూ, దాటెయ్యలేదు, దానికి వేరేగా చోటు కావాలని ఆగాను. మీ ‘వేట’ చాలా బలమైన మాట. ఆ తల్లి మోర్యా కొడుకుల్లో సముద్రం మీద పనికి పోయి తిరిగిరానివాళ్ల వరకూ అది సరిగ్గా సరిపోతుంది. చిక్కల్లా ఆఖరి కొడుకుతోనే. బార్ట్‌లీ చేపలకి పోవడం లేదు. గుర్రాల్ని అమ్ముకోవడానికి గాల్వే సంతకి బయల్దేరాడు. తాను ఎర్ర గుర్రమెక్కాడు, వెనకాల బూడిదరంగు పోనీ వస్తోంది. రొట్టె ఇచ్చి దీవిద్దామని తల్లి ఊట దగ్గరికి పోతుంది. అక్కడ ఆ పోనీ మీద, అంతకుముందే మునిగిపోయిన ఇంకో కొడుకు మైకేల్ కూర్చుని కనబడతాడు, మంచి బట్టలతో, కాళ్లకి కొత్త జోళ్లతో. గొంతుకేదో అడ్డుపడి దీవెన పైకి రాదు. తర్వాత ఆ పోనీయే బార్ట్‌లీని సముద్రంలోకి తోసేస్తుంది. పేరులో ‘రైడర్స్’ అని బహువచనం ఎందుకుందో ఇక్కడ తెలుస్తుంది. బతికున్నవాడొకడు, పోయినవాడొకడు, ఇద్దరూ గుర్రాల మీద సముద్రం వైపే. గుర్రాన్ని తీసేస్తే 1904లో డబ్లిన్‌లో ఆడిన ఆ నాటకం వెన్ను విరిగినట్టే.

రౌతు అన్న మాట నోట పలకదన్నారు. మీ వైపు చర్చికెళ్లేవాళ్లని అడగండి. నిర్గమకాండం పదిహేనో అధ్యాయంలో మోషే పాట: ‘గుఱ్ఱమును దాని రౌతును ఆయన సముద్రములో పడద్రోసెను.’ గుర్రం, రౌతు, సముద్రం మూడూ ఒక్క వాక్యంలో ఉన్నాయి. ఇంగ్లిషు బైబిల్లోనూ అక్కడున్నది ‘రైడరే’. సింజ్ నాటకం చూసిన ఐరిష్ ప్రేక్షకుడికి పేరు వినగానే ఆ పాట గుర్తొచ్చే వీలుంది. ‘కడలి వైపు రౌతులు’ అంటే మన తెలుగు క్రైస్తవుడికీ ఆ వీలుంటుంది. అందుకని ఈ ఒక్క పుస్తకానికీ రౌతునే ఉంచుతాను. ఎర్ర సముద్రంలో పడినవాళ్లు శత్రు సైనికులు, ఇక్కడ పడ్డవాడు ఒక తల్లి కొడుకు. ఆ తేడా చదివేవాడి మనసులో కలుక్కుమనాలి.

వ్యాఖ్య (బొబ్బిలి నుంచి):

‘ఆశ్వికులు’ మాట నాదే. తప్పేముంది? ‘ఎక్కినవాళ్లు’ అంటే చెట్టెక్కినవాళ్లూ వస్తారు కదా.

జవాబు:

తప్పు లేదండీ. అమరకోశంలో ‘అశ్వారోహాస్తు సాదినః’ అని ఇంకా చిన్న మాటే ఉంది, ‘సాది’. మన ఛందస్సులోకి కూడా గుర్రం నడక దర్జాగా వచ్చి కూర్చుంది. రగడల (మాత్రల లెక్కతో నడిచే పద్యాల) పేర్లు చూడండి, హయప్రచారం, తురగవల్గనం. పక్కనే ఏనుగుకి ద్విరదగతి, ఎద్దుకి వృషభగతి. ఆ వృషభగతిలో మూడూ నాలుగూ మాత్రల జంట నాలుగుసార్లొస్తుంది. సగానికి విరిస్తే మన గురజాడ ముత్యాలసరం పాదం వచ్చేస్తుంది. విజయనగరంలో పుట్టిన కొత్త ఛందస్సు ఎద్దు నడకలో ఉండడం నాకెంతో ఇష్టం. అయినా ఆశ్వికులంటే సైకిలువాడూ, తిమింగలం పిల్లా బయటే ఉండిపోతారు. సాది అంటే మీ కాలేజీ పిల్లలు మళ్లీ నిఘంటువు వెతుక్కోవాలి.

చెట్టెక్కినవాళ్లూ వస్తారన్నారు, రానివ్వండి. పైడితల్లి అమ్మవారి పండగలో పూజారి సిరిమాను ఎక్కుతాడంటాం. పత్రికలవాళ్లు అధిరోహించారని రాసినా, రోడ్డు పక్కన నిలబడ్డ జనం అనేది ఎక్కాడనే. సిరిమాను చెట్టే, కదిలే చెట్టు. దసరా దాటిన మంగళవారం నాడు కోటకీ గుడికీ మధ్య ముమ్మారు తిరుగుతుంది. దాన్ని స్వారీ అనీ అనలేం, ఇంకేమీ అనలేం. ఆ భక్తినంతటినీ మోయగల క్రియ మీ అట్టని మోయలేదా?

ప్రశ్న అడిగినవారు:

మాస్టారూ, ‘ఎక్కినవాళ్లు’ ఖాయం చేశాం. కింద ఒక్కో పుస్తకానికీ దాని తెలుగు పేరు చిన్న చీటీ మీద అంటించమని పిల్లలకి చెప్పాను. ‘తిమింగలవాహన’, ‘కడలి వైపు రౌతులు’ అప్పుడే రాసేశారు. క్రాబెకి ‘తొక్కేవాడు’ అని రాస్తే ఒకమ్మాయి ఒప్పుకోవడం లేదు, తొక్కెయ్యడంలా వినిపిస్తోందంటోంది.

జవాబు:

ఆ అమ్మాయి చెవి మంచిది. ‘పందెం సైకిలు’ అని రాయమనండి. డచ్చి పేరులో ఉన్నదీ పందెమే.