దేవుడే లేడంటే పొద్దుగాల ప్రార్థన ఎవరికి?

సాగర్‌కట్ట: దేవరకొండల ఎం.బి. (మెనోనైట్ బ్రెదరెన్) చర్చి కుటుంబం మాది. సండే స్కూలు, బాప్తిస్మం, యూత్ మీటింగులు అన్నీ అయినయి. పైనుంచి మనల్ని చూసేటోడు ఒకడున్నడన్న నమ్మకం ఇప్పుడు లేదు. అయినా పొద్దుగాల మౌనంగ కూసుంట, కొండమీది ప్రసంగం చదువుత, పాత కీర్తనలు పాడుకుంట. నాలెక్క ఇంకెవరన్న ఉన్నరా?

పాలమూరు పెద్దాయన: తమ్మీ, వినేటోడే లేకపోతే ఎవరికి పాడుతున్నవ్?

సాగర్‌కట్ట: నాకే అన్నా. మనసు నిమ్మళమైతది.

పాలమూరు పెద్దాయన: నిమ్మళం కావాల్నంటే గోలీ ఏస్కో. కీర్తనలెందుకు?

హాలియా వకీల్: ముందు కుల సర్టిఫికెట్ల ఏమున్నదో చెప్పు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వుతోని ఎస్సీ హోదా హిందువులకే ఇచ్చిండ్రు. 1956ల సిక్కులను, 1990ల బౌద్ధులను కలిపిండ్రు. ఎస్సీల నుంచి క్రైస్తవంలకు పోయినోళ్లు మనకాడ బీసీ-సీ. దేవుణ్ణే వద్దన్నోడివి, నువ్వు ఏ ఖానాల?

సాగర్‌కట్ట: వకీల్ సాబ్, నేనడిగింది రిజర్వేషన్ గురించా?

హాలియా వకీల్: ప్రొఫైల్‌ల నాగార్జునకొండ ఫొటో ఎందుకు మరి? రేపు బౌద్ధుణ్ణంటవ్, ఎస్సీ అడుగుతవ్. తెలివే.

సాగర్‌కట్ట: లాంచీల మ్యూజియం చూడవోయి దిగిన ఫొటో అది. నేను ఏ మతంలకూ పోతలేను.

నకిరేకల్ చెల్లె: ఇదేం కొత్త కాదు. అమెరికాల నెవార్క్ బిషప్ స్పాంగ్ ఉండె. పైన కూసోని నడిపిచ్చే దేవుడన్న ఊహకు కాలం చెల్లిందని 1998ల బహిరంగంగనే రాసిండు. 2000ల రిటైరయ్యేదాక బిషప్‌గనే ఉన్నడు.

పాలమూరు పెద్దాయన: జీతం చర్చిది, నమ్మకం మాత్రం లేదు! నా కోపం గిదే అమ్మా. మా నాయన దొరల గడీ ముంగట చెప్పులు చేతవట్టుకొని నడిచినోడు. మిషన్ హాస్టల్‌ల పెట్టి సదివిచ్చిండ్రు. మా అవ్వను బతికిచ్చింది జడ్చర్ల మెనోనైట్ దవాఖాన. అన్నీ తిని, ఇప్పుడు పీట తన్నేసి పోతరా?

సాగర్‌కట్ట: తిన్నదానికి అప్పువడ్డట్టా? మా అక్క వేరే కులపోణ్ణి చేసుకున్నదని ఆదివారం అందరి ముంగట నిలవెట్టి క్షమాపణ చెప్పిచ్చిండ్రు. ముందు వరుసల పెద్దలంతా చేతులు కట్టుకొని చూసిండ్రు. అప్పుడు యాడవోయింది మీ ప్రేమ?

పాలమూరు పెద్దాయన: అది సంఘం తప్పు. దేవునిది కాదు.

సాగర్‌కట్ట: నేనూ అదే అంటున్న. నేను దూరమైంది దానికి కాదు. అక్క ఇప్పటికీ చర్చికి పోతది. నాకు ఎంత అడిగినా లోపల జవాబు రాలే, అంతే.

నకిరేకల్ చెల్లె: పెద్దాయనా, మీ కోపం ఈయన మీదనేనా?

పాలమూరు పెద్దాయన: మా పిలగాడు హైదరాబాద్‌ల సాఫ్ట్‌వేర్. సమాధుల పండుగకు రమ్మంటే, అవన్నీ నేను నమ్మ నాన్నా, మీరు కానియ్యుండ్రి అన్నడు. మా అవ్వ సమాధికి నేనొక్కన్నే సున్నమేసిన. రేపు నాది ఎవరేస్తరు?

సాగర్‌కట్ట: సున్నమెయ్యనీకి దేవుణ్ణి నమ్మాల్నా అన్నా? మా తాతది నేనే ఏస్త ఏటేటా. మీ పిలగాణ్ణి నమ్మకం గురించి అడగకుండ్రి, పనికి పిలువుండ్రి. వస్తడు. నాకు మాత్రం రేపు ఆ సమాధుల తోటల జాగ దొరుకుతదో లేదో.

పాలమూరు పెద్దాయన: సంఘంల పేరు లేనోనికి జాగ ఎట్లిస్తరు?

హాలియా వకీల్: పేరు తీసేపిచ్చినవా? సర్టిఫికెట్ సంగతి వస్తే అదీ చూడొచ్చు.

సాగర్‌కట్ట: తీపియ్యలే. చందా ఇంకా మా అమ్మనే కడుతున్నది. ఆపమని ఆమెతోని అననీకి నాకు నోరొస్తలేదు.