మోక్షమార్గం… ఏ ‘చ్ఛతి’?

మూసీ ఒడ్డు:
అందరికీ నమస్కారం. నాలుగు రోజులుగా రెండక్షరాలు నన్ను నిద్రపోనివ్వడం లేదు. మా ఫిడేలు మాస్టారు పాఠం మొదలుపెట్టే ముందు రోజూ చదివే శ్లోకం:

వీణావాదన తత్త్వజ్ఞః శ్రుతిజాతి విశారదః
తాళజ్ఞశ్చాప్రయాసేన మోక్షమార్గం ——చ్ఛతి

వీణ వాయించే తత్త్వం తెలిసి, శ్రుతుల్లో జాతుల్లో నేర్పరియై, తాళం ఎరిగినవాడు ప్రయాస లేకుండా మోక్షమార్గాన్ని… ఏం చేస్తాడు? గీత పెట్టినచోట నా పాత నోటుపుస్తకాన్ని చెదలు తినేశాయి. ‘చ్ఛతి’ మాత్రం మిగిలింది. శ్లోకం యాజ్ఞవల్క్య స్మృతి అనే ధర్మశాస్త్రంలోదని తెలుసు, అది అడగడం లేదు. నా చెవిలో ‘ప్రయచ్ఛతి’ అని ఉండిపోయింది. మొన్న చిక్కడపల్లి గానసభలో ఒక పెద్దాయన ‘స గచ్ఛతి’ అని చదివారు. ఒక్కసారిగా అనుమానం పట్టుకుంది.

మాస్టారు విజయనగరం మహారాజావారి సంగీత కళాశాలలో చదివారు. హైదరాబాదు వచ్చి నల్లకుంటలో ఇంటి వసారాలో పాఠాలు చెప్పారు. తర్వాత మారిషస్‌లో కొన్నేళ్ళు, చివర్లో అమెరికాలో కూతురింట ఉంటూ అక్కడి పిల్లలకు. పోయి ఆరేళ్ళయింది, అడుగుదామంటే లేరు. గచ్ఛతి అయితే వాయించేవాడు తాను వెళ్తాడు. ప్రయచ్ఛతి అయితే ఇంకొకరికి ఇస్తాడు. మూడు దేశాల్లో నేర్పిన మనిషి వీటిలో ఏది చదివేవారో నాకు తెలియాలి.

ఆదివారం ఆబిడ్స్:
మీరన్న రెండూ కావండీ. నియచ్ఛతి. ప్రాయశ్చిత్తాధ్యాయం 115వ శ్లోకం. ఆబిడ్స్ పేవ్‌మెంటు మీద దొరికిన తెలుగు లిపి ప్రతి నా దగ్గరుంది. ముఖపత్రం పోయింది కానీ ఈ పుట చెక్కుచెదరలేదు. ‘స గచ్ఛతి’ సంగీతసభల వాళ్ళు చదివే తీరు. ‘ప్రయచ్ఛతి’ నేనైతే ఎక్కడా చూడలేదు.

లఘువు గురువు:
అచ్చులో ఉన్నంత మాత్రాన తేలిపోదు. ఈ శ్లోకం ఛందస్సు అనుష్టుప్పు, అందులో ఇది సరి పాదం కాబట్టి అయిదోది లఘువు, ఆరోది గురువు, ఏడోది లఘువు రావాలి. ‘నియచ్ఛ’ సరిపోయింది. ‘స గచ్ఛ’ సరిపోయింది. ‘ప్రయచ్ఛ’ కూడా సరిపోతుంది. ‘ప్ర’ సంయుక్తం కనుక ముందక్షరాన్ని గురువు చేస్తుందంటారేమో, ఆ ‘ర్గం’ సున్నాతో ఎప్పుడో గురువైపోయింది. ఛందస్సు మూడింటినీ ఒప్పుకుంటోంది. మూసీ ఒడ్డు గారూ, మీ చెవిని అప్పుడే తప్పుపట్టకండి.

రామకోటి ఫిడేలు:
నేనూ ఫిడేలు వాణ్ణే. రామకోటి కళాశాలలో చదువుకున్నాను. ఛందస్సు పక్కన పెట్టి చేతిలోంచి చూడండి. ‘ని’ ఉపసర్గతో యమ్ ధాతువంటే అదుపులో పెట్టడం. నియమం అందులోంచే వచ్చింది. ఫిడేలులో మొదటి ఆరు నెలలూ నేర్చుకునేది కమానుని, అంటే తీగ మీద నడిపే కర్రని, అదుపులో పెట్టడమే. కుడిచెయ్యి వణికితే స్వరం వణుకుతుంది. పట్టు దగ్గర కమాను బరువెక్కువ, చిటికెన వేలు ఆ సంగతి చూసుకోవాలి. వీణకు మైనంలో కూర్చిన 24 మెట్లుంటాయి, వేలు ఎక్కడ ఆనాలో మెట్టు చెబుతుంది. ఫిడేలుకి ఆ ఆసరా లేదు. ‘శ్రుతిజాతి విశారదః’ అన్న మాట మెట్లు లేని వాద్యానికే ఎక్కువ తగులుతుంది. మీ మాస్టారు ‘నియచ్ఛతి’ అనే చదివి ఉంటారు. పాఠానికి ముందు చదివారంటే అందుకే.

ఇంకోటి. ‘అప్రయాసేన’ని పట్టుకుని సంగీతం తేలిక దారి అనేవాళ్ళున్నారు. కాదు. ముందు శ్లోకం ‘తదభ్యాసకరణాన్ మోక్షసంజ్ఞితమ్’ అని ముగుస్తుంది. అభ్యాసం అక్కడే చెప్పేశాడు.

మూసీ ఒడ్డు:
రామకోటి గారూ, మీరు చెబుతుంటే మాస్టారి చెయ్యి కళ్ళ ముందు కనిపించింది. ఆయన మా చిటికెన వేలి కింద రూపాయి బిళ్ళ పెట్టేవారు. పడిపోతే మళ్ళీ మొదటి నుంచి. కానీ కర్త ఎవరు, కర్మ ఏది? మార్గాన్ని అదుపులో పెట్టడమేమిటి?

అష్టాధ్యాయి అభిమాని:
సరైన చోట పట్టుకున్నారు. పాణిని వ్యాకరణ సూత్రం 7-3-77, ‘ఇషుగమియమాం ఛః’. వెళ్ళడాన్ని చెప్పే గమ్‌కీ, అదుపుచేయడాన్ని చెప్పే యమ్‌కీ ఒకే సూత్రంలో చివర ఛకారం వచ్చింది. అంటే గచ్ఛతి, యచ్ఛతి ఒక గూటి పక్షులే. ఆ వెంటనే 78లో దాణ్ ధాతువు స్థానంలో యచ్ఛ వస్తుంది. కనుక ‘యచ్ఛతి’ వెనక అదుపుచేసే యమ్ ఉండొచ్చు, ఇచ్చే దాణ్ ఉండొచ్చు. ఈ శ్లోకంలో కర్మ ‘మార్గం’. అదుపు పొసగదు. ‘చేరుకుంటాడు’ అన్న అర్థమే కుదురుతుంది. ఆ అర్థం సూటిగా కావాలనే కొందరు ‘నిగచ్ఛతి’ అని చదువుతారు. ఇది చదివే తీరుల్లో నాలుగోది, ఎవరూ ప్రస్తావించలేదు.

లఘువు గురువు:
నిగచ్ఛతి సంగతి నేను రాయబోతుండగా మీరు రాశారు. అదీ ఛందస్సుకి సరిపోతుంది.

ఆదివారం ఆబిడ్స్:
తర్వాతి శ్లోకం చూడకుండా దీన్ని తేల్చలేం. ‘గీతజ్ఞో యది యోగేన నాప్నోతి పరమం పదమ్, రుద్రస్యానుచరో భూత్వా తేనైవ సహ మోదతే.’ పరమపదం అందకపోయినా రుద్రుడి వెంట ఉండి ఆయనతో ఆనందిస్తాడట. రెండు శ్లోకాల్లోనూ వాద్యకారుడు తాను పొందేదే చెప్పాడు. ఇవ్వడం అన్న ఊసే లేదు. ‘ప్రయచ్ఛతి’ మీ మాస్టారి సొంత దిద్దుబాటు అయితే కావచ్చు. అలా అయితే నాకు ఆయన మీద గౌరవం ఇంకా పెరుగుతుంది.

రామకోటి ఫిడేలు:
దీనికి త్యాగయ్య జవాబు చెప్పాడు కదా. సారమతి రాగంలోని ‘మోక్షము గలదా’ కీర్తన చరణంలో ‘వీణావాదన లోలుడౌ శివమనోవిధమెరుగరు’ అంటాడు. స్మృతిలోని ‘తత్త్వజ్ఞ’ని ‘లోలుడు’ చేశాడు. తెలిసినవాడు కాదు, మునిగిపోయినవాడు. పైగా వాయించేవాణ్ణి శివుణ్ణే చేశాడు. స్మృతిలో వైణికుడు రుద్రుడి వెంట నడిస్తే త్యాగయ్య దగ్గర రుద్రుడే వైణికుడు. అక్కడ ఇచ్చేవాడెవరు, పుచ్చుకునేవాడెవరు?

వల్లకి:
ఆలస్యంగా వచ్చాను, క్షమించండి. అసలు ‘వీణ’ అంటే ఏది అనుకుని చదువుతున్నారు మీరంతా? మన ఒళ్ళో పెట్టుకునే వీణ రూపం తంజావూరు రఘునాథ నాయకుడి కాలందంటారు, అంటే 17వ శతాబ్ది. యాజ్ఞవల్క్యుడి వీణ అది కాదు. అమరావతి శిల్పాల్లో చూడండి, విల్లులా వంగిన చట్రానికి వరసగా తీగలు, మెట్లే లేవు. సంస్కృత నిఘంటువు అమరకోశం ‘వీణా తు వల్లకీ విపంచీ’ అని, ఏడు తీగలైతే పరివాదిని అంటుంది. ఆ లెక్కన ఇవాళ్టి వీణ పరివాదిని.

ఇక అసలు నేను చెప్పదలచుకున్నది. పోతన సరస్వతి చేతుల్లో వీణ లేదు, ఎప్పుడైనా గమనించారా? ‘వాణికి నక్షదామ శుక వారిజ పుస్తక రమ్య పాణికిన్.’ జపమాల, చిలుక, తామర, పుస్తకం. నాలుగు చేతులూ నిండిపోయాయి. వీణని పోతన నారదుడికి దాచి ఉంచాడు. ‘తన చేతి వల్లకీ తంత్రీ చయంబున సతత నారాయణ శబ్ద మొప్ప.’ ఆ ‘సతత’ దగ్గర నేను ఎప్పుడూ ఆగిపోతాను. వాయిస్తున్నాడని లేదు. తీగల్లోంచి ఆ శబ్దం ఎడతెగకుండా ఒప్పుతోందంతే.

లఘువు గురువు:
వల్లకి గారూ, చిలుక ఉందంటే వీణ ఉన్నట్టే కదా? పలుకు చిలుకదైతే నాదం వీణది.

వల్లకి:
లేదండీ. పోతన చెప్పనిదాన్ని మనం చేర్చకూడదు. ఆయన లెక్క ఆయనకుంది.

చార్ కమాన్:
కమాను గురించి రామకోటి గారు రాశారు కాబట్టి ఒక మాట. నేను పుట్టింది మచ్లీ కమాన్ దగ్గర. మా ఇంట్లో కమాన్ అంటే తోరణద్వారం. ఫారసీలో ఆ మాటకి విల్లు అని అర్థం. గడియారం సాపుచేసేవాడికి అది స్ప్రింగు, లారీ మెకానిక్కుకి కమాను కట్టలు, ఫిడేలు మాస్టారికి తీగ మీద నడిచే కర్ర. అన్నిటికీ మూలం వంపు. వల్లకి గారు చెప్పిన అమరావతి వీణ కూడా విల్లు వంపే కదా. పాతబస్తీలో నేర్చుకునే పిల్లలకి కమాను అంటే ఏమిటో విడిగా చెప్పనక్కర్లేదు.

మూసీ ఒడ్డు:
అన్నా, మాస్టారు సరిగ్గా ఇదే అనేవారు! మొదటి రోజు నన్ను చార్మినారు దగ్గరికి తీసుకెళ్ళి నాలుగు కమాన్లూ చూపించారు. ‘వంపు ఇలా ఉండాలి, బిగుసుకుపోకూడదు’ అన్నారు.

అష్టాధ్యాయి అభిమాని:
మళ్ళీ ప్రయచ్ఛతి దగ్గరికి. ఇవ్వడమే ముఖ్యమైతే ఫిడేలు విద్వాంసుడు యెహూదీ మెనూహిన్‌ని తలుచుకోవాలి. 1916లో న్యూయార్కులో పుట్టి, శాన్‌ఫ్రాన్సిస్కోలో పెర్సింగర్ దగ్గర, ఐరోపాలో ఎనెస్కు దగ్గర, బుష్ దగ్గర నేర్చుకున్నాడు. 1963లో ఇంగ్లండులో పిల్లల కోసం బడి పెట్టాడు. ఒక దేశంలో పుట్టి, ఇంకో దేశపు గురువు దగ్గర నేర్చి, మూడో దేశంలో ఇచ్చాడు.

రామకోటి ఫిడేలు:
ఆ మెనూహిన్ 1952లో మద్రాసులో ద్వారం వెంకటస్వామి నాయుడు గారిని విని ముగ్ధుడయ్యాడు. నాయుడు గారు 1919లో విజయనగరం కళాశాలలో ఫిడేలు అధ్యాపకులయ్యారు, 1936లో ప్రిన్సిపాలు. మూసీ ఒడ్డు గారి మాస్టారు చదివిన కళాశాల అదే. నాయుడు గారి శిష్యపరంపరలో ఈ శ్లోకం ఎలా చదివేవారో తెలిసినవాళ్ళుంటే చెప్పండి, మిగతా వాదనలన్నీ ఆపేద్దాం.

మోకా విద్యార్థిని:
నమస్కారం. నేను మారిషస్ తెలుగుదాన్ని. మా ఊళ్ళో మోకాలో మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్ ఉంది, నేను ఫిడేలు నేర్చుకుంది అక్కడ. మూసీ ఒడ్డు అన్నయ్య గారూ, చిటికెన వేలి కింద బిళ్ళ అని చదవగానే గుండె ఆగినంత పనైంది. మాకు రూపాయి బిళ్ళే, మారిషస్ రూపాయి. ఆ మాస్టారూ మా మాస్టారూ ఒక్కరేనని అనుకుంటున్నాను. మాకు చిన్నప్పుడు తెలుగు చదవడం రాదు. నించుని గడ్డం కింద పెట్టుకుని వాయించడం మాత్రమే చూసినవాళ్ళం. ఆయన మమ్మల్ని కింద కూర్చోబెట్టి, ఫిడేలు తల కుడి పాదం మీద ఆనించి, తీగలు స-ప-స-ప అని కలిపించారు. శ్లోకం రోమన్ అక్షరాల్లో రాయించారు. పుస్తకం ఇప్పుడే తీసి చూశాను. ‘నిగచ్ఛతి’ అని ఉంది.

మూసీ ఒడ్డు:
చెల్లెమ్మా! ఏ ఊరు అనేవారు ఆయన తనది? బొబ్బిలి పక్కన పల్లె అనేవారా?

మోకా విద్యార్థిని:
అవునన్నయ్యా, బొబ్బిలి. వీణలు చెక్కేవాళ్ళ వీధి గురించి చెప్పేవారు. పనసదుంగ ఒక్కదాన్నే తొలిచి చేస్తారని.

మూసీ ఒడ్డు:
ఆయనే. ఆయనే తల్లీ.

ఆదివారం ఆబిడ్స్:
అమ్మా, ఒక్క సందేహం. రోమన్‌లో చేతిరాత అన్నారు. కలిపి రాస్తే గ-కారపు అక్షరానికీ య-కారపు అక్షరానికీ రెండిటికీ తోక కిందికే ఉంటుంది. అది ‘నియచ్ఛతి’ కాదని ఎలా చెప్పగలం? పైభాగం మూసుకుని ఉందా, తెరుచుకుని ఉందా?

మోకా విద్యార్థిని:
పదేళ్ళ పిల్ల రాత అండీ. ఫోటో పెట్టాను, చూడండి.

లఘువు గురువు:
మూసుకునే ఉంది. నిగచ్ఛతి.

ఆదివారం ఆబిడ్స్:
నాకు తెరుచుకున్నట్టు కనిపిస్తోంది. పైన చుక్కలా ఉన్నది సిరా మరక.

వల్లకి:
అదే పుటలో కింది వరసలో ‘యోగేన’ అని ఉంది కదా, తర్వాతి శ్లోకం. అందులో య, గ రెండూ ఉన్నాయి. వాటితో పోల్చి చూడండి.

రామకోటి ఫిడేలు:
పోల్చాను. అక్కడ రెండూ ఒకేలా రాసింది పిల్ల.

మూసీ ఒడ్డు:
చెల్లెమ్మా, తర్వాతి శ్లోకం కూడా రాయించారా మీకు? మాకెప్పుడూ చెప్పలేదు అది. ఆయన ఏ రాగంలో చదివేవారో గుర్తుందా?