టీకా వేయించిన కుక్కకు లైసెన్సు, మెడబిళ్ల ఎందుకు?

కడపవాసి (ప్రశ్న):
సభ్యులకు నమస్కారం. మేము ఎర్రముక్కపల్లెలో ఉంటాము. మా నాటుకుక్కకు ఏటా రేబిస్ టీకా వేయిస్తున్నాము, గేటు దాటి ఒంటరిగా వెళ్లనివ్వము. అయినా నగరపాలక సంస్థలో లైసెన్సు తీసుకుని మెడలో బిళ్ల కట్టాలని పక్కింటివారు పట్టుబడుతున్నారు. పశువైద్యులు రాసిచ్చిన టీకా పుస్తకం ఉండగా, రుసుము కట్టి మరొక కాగితం తెచ్చుకోవడం వల్ల ఒరిగేది ఏమిటో తెలిసినవారు వివరించగలరు.

విశ్రాంత పశువైద్య ఉద్యోగి, అనంతపురం:
టీకా పుస్తకం మీ బీరువాలో ఉంటుంది, కుక్క మెడలో ఉండదు. అసలు తేడా అదేనండీ. కుక్క ఎప్పుడైనా బయటపడి ఎవరినైనా కరిస్తే, అది ఎవరిదో తెలిసినప్పుడే దానిని 10 రోజులపాటు కట్టి ఉంచి గమనించడం సాధ్యమవుతుంది. ఆ గడువంతా అది ఆరోగ్యంగా ఉన్నట్లయితే, కరిచిన నాటికి దాని లాలాజలంలో రేబిస్ వైరస్ లేదని భావించి, కరిపించుకున్నవారికి మిగిలిన టీకా మోతాదులు అవసరమా కాదా అన్నది వైద్యులు నిర్ణయిస్తారు. గాయపడినవారు మాత్రం ఆ గడువు కోసం ఎదురుచూడకూడదు. గాయాన్ని వెంటనే సబ్బుతో, పారే నీటితో 15 నిమిషాలు కడిగి, అదే రోజు ఆసుపత్రిలో టీకా మొదలుపెట్టించుకోవాలి. లక్షణాలు బయటపడిన తరువాత రేబిస్ రోగి బతకడం అత్యంత అరుదు కనుక, కరిచిన కుక్క ఎవరిదో తెలియకపోతే ఏ వైద్యుడూ టీకాలు మధ్యలో ఆపమని చెప్పలేరు. అంటే మీరు సక్రమంగా వేయించిన టీకా, బిళ్ల లేని కారణంగా, కరిపించుకున్నవారి చికిత్సను నిర్ణయించడంలో ఏమాత్రం ఉపయోగపడదు.

పల్లెల్లో ఆవులకూ ఎనుములకూ గుర్తింపు కోసం చెవికి 12 అంకెల పసుపు ట్యాగు వేయించుకుంటున్నాము. కుక్క విషయంలో మాత్రం ఎందుకో బరువనిపిస్తుంది.

కర్నూలు సభ్యురాలు:
కుక్క తప్పిపోయే సందర్భాన్ని కూడా ఆలోచించండి. దీపావళి టపాసుల శబ్దానికి బెదిరి, ఎన్నడూ గేటు దాటని కుక్కలు సైతం గోడ దూకి పారిపోతాయి. 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమాల ప్రకారం వీధికుక్కలను పట్టుకుని, శస్త్రచికిత్స చేసి, టీకా వేసి, పట్టిన చోటనే వదులుతారు. మెడలో ఏ గుర్తూ లేని మీ నాటుకుక్కను పట్టేవారు వీధికుక్కగానే భావిస్తారు, వారిని తప్పుపట్టలేము.

కడపవాసి:
బిళ్ల ఊడిపోతే? మైక్రోచిప్ మేలు కాదా?

విశ్రాంత పశువైద్య ఉద్యోగి, అనంతపురం:
రెండూ ఉంటే మంచిది. బియ్యపు గింజంత చిప్‌ను భుజాల మధ్య చర్మం కింద ఎక్కిస్తారు. అందులో 15 అంకెల సంఖ్య మాత్రమే ఉంటుంది, కుక్క ఎక్కడుందో అది చెప్పదు, చదవడానికి ప్రత్యేక యంత్రం కావాలి. దారిన పోయేవారు చదవగలిగేది బిళ్ల మీది ఫోన్ నంబరునే. నంబరు మారితే బిళ్లనూ, లైసెన్సు వివరాలనూ, చిప్ నమోదునూ మార్పించాలి.

న్యాయవాది, కడప:
ఒక్క హెచ్చరిక. లైసెన్సు ఉన్నంత మాత్రాన బాధ్యత తీరిపోదు. పెంపుడు జంతువు వల్ల మనుషులకు ప్రమాదం కలగకుండా తగిన జాగ్రత్త తీసుకోని యజమానికి భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద 6 నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. కనుక బిళ్ల కట్టిన తరువాత కూడా గొలుసు వదలకండి.