1986 నాటి కె100ఆర్‌టీ: పెద్ద ఫెయిరింగ్ ఉన్న పాత టూరింగ్ బండి కొనవచ్చా?

ప్రశ్న

అందరికీ నమస్కారం. 1986లో తయారైన బీఎండబ్ల్యూ కె100ఆర్‌టీ ఒకటి అమ్మకానికి ఉందని తెలిసి నిన్న వెళ్లి చూసి వచ్చాను. మీటరు 94,000 కిలోమీటర్లు చూపిస్తోంది. దానిని నడిపిన పెద్దాయన మానేసిన తరువాత ఆరేళ్లుగా షెడ్డులో సైడ్ స్టాండు మీదే ఉండిపోయిందట. కొత్త బ్యాటరీ పెట్టి నా ఎదుటే స్టార్ట్ చేశారు. సెల్ఫ్ మూడుసార్లు తిరిగాక ఇంజన్ అందుకుంది కానీ, మొదటి నిమిషమంతా నీలం రంగు పొగ దట్టంగా వచ్చి, ఆ తరువాత పూర్తిగా ఆగిపోయింది.

తెలిసినవాళ్లంతా వద్దంటున్నారు. ఇంత పెద్ద ఫెయిరింగ్ (గాలిని అడ్డుకునే ముందు తొడుగు) ఉన్న బండిని ఇప్పుడు ఎవరూ కోరుకోరని, మళ్లీ అమ్ముదామన్నా కొనేవాళ్లు దొరకరని వాళ్ల మాట. నాకు అమ్మే ఉద్దేశం లేదు. ఒక్కరోజులో 500 కిలోమీటర్లకు పైగా వెళ్లే ప్రయాణాలు ఏడాదికి కొన్ని ఉంటాయి. ఇప్పుడున్న బండికి ముందు గాలిని ఆపేది ఏమీ లేకపోవడంతో సాయంత్రానికి మెడా భుజాలూ పట్టేస్తున్నాయి. ఈ బండి మీద కూర్చుంటే చేతులూ మోకాళ్లూ ఫెయిరింగ్ వెనుక పూర్తిగా ఒదిగిపోయాయి. అప్పుడే మనసు పడింది.

ఆ పొగకు భయపడాలా, ఫెయిరింగ్ వెనుక ఏమేమి దాగి ఉండవచ్చు, కొనేముందు ఏవి విప్పి చూపించమని పట్టుబట్టాలి అన్నవి నా సందేహాలు. చిన్న మరమ్మతులు సొంతంగా చేసుకోగలను కానీ గేర్‌బాక్స్ ఎన్నడూ దించలేదు.

మొదటి సమాధానం

నా దగ్గర ఇదే బండి 11 ఏళ్లుగా ఉంది కాబట్టి కొంత వివరంగా రాస్తున్నాను.

ముందుగా పొగ సంగతి. 1983లో వచ్చిన కె100 ఇంజన్ నిలువుగా ఉండదు, పక్కకు పడుకుని ఉంటుంది: సిలిండర్ హెడ్ ఎడమ వైపు, క్రాంక్ షాఫ్ట్ కుడి వైపు. సైడ్ స్టాండు వేస్తే బండి ఎడమకు వాలుతుంది కాబట్టి, క్రాంక్ కేసులోని ఆయిల్ కొంచెం కొంచెంగా పిస్టన్ రింగులను దాటి సిలిండర్లలోకి చేరుతుంది. స్టార్ట్ చేయగానే అది కాలిపోయి నీలం పొగగా బయటికి వస్తుంది. ఆరేళ్లు ఆ వాలులోనే ఉన్న బండికి ఒక్క నిమిషం పొగ రావడం నా దృష్టిలో లోపం కాదు. ఇంజన్ బాగా వేడెక్కిన తరువాత యాక్సిలరేటర్ ఇచ్చినప్పుడు కూడా నీలం పొగ వస్తే మాత్రం అనుమానించాలి. కొన్న తరువాత సెంటర్ స్టాండు మీదే నిలపడం అలవాటు చేసుకోండి.

మీరు నిజంగా చూడవలసింది షాఫ్ట్ (వెనుక చక్రాన్ని తిప్పే కడ్డీ) చివర ఉండే స్ప్లైన్లను, అంటే పళ్లను. ఈ బండికి చైను లేదు, తిరిగే శక్తి అంతా ఒకదానిలో ఒకటి దూరే ఉక్కు పళ్ల మీదుగా వెనుక చక్రానికి చేరుతుంది. ఆ పళ్లకు మాలిబ్డినం పేస్టు ఎప్పటికప్పుడు పట్టించకపోతే అవి పొడిబారి తుప్పు పట్టి, క్రమంగా అరిగిపోతాయి, చివరికి ఒకరోజు ఇంజన్ తిరుగుతున్నా బండి కదలదు. వెనుక చక్రం తీసి, ఫైనల్ డ్రైవ్‌ను (షాఫ్ట్ తిప్పే శక్తిని చక్రానికి అందించే గేర్ల పెట్టె) పట్టి ఉంచే నాలుగు బోల్టులు విప్పితే అది వెనక్కి జారి వచ్చేస్తుంది. గుడ్డతో పాత గ్రీజు తుడిచి, టార్చి వేసి చూడండి. పంటి పైభాగం చదునుగా, రెండు పక్కలా సమానంగా ఉంటే మంచిది. పళ్లు రంపం మొనల్లా ఒక వైపుకు ఒరిగి సన్నబడి ఉన్నా, ఎర్రటి పొడి రాలుతున్నా, ఆ భాగం మార్చక తప్పదు. ఇదంతా కలిపి గంటన్నర పని. అమ్మేవారు దీనికి ఒప్పుకోకపోతే బండిని వదిలేయమనే నేను చెబుతాను.

క్లచ్ దగ్గర కూడా ఇలాంటి పళ్లే ఉన్నాయి కానీ, వాటిని చూడాలంటే గేర్‌బాక్స్ దించాలి, కొనేముందు అది కుదిరే పని కాదు. నడిపి చూసేటప్పుడు, క్లచ్ పూర్తిగా నొక్కినా గేర్లు బిగుసుకున్నట్టు పడుతున్నాయేమో గమనించండి, అలా ఉంటే ఆ పళ్లు పొడిబారి ఉండే అవకాశం ఉంది.

తరువాత 22 లీటర్ల పెట్రోల్ ట్యాంకు. అది అల్యూమినియంతో చేసినది కాబట్టి ఇనుప ట్యాంకులా లోపల తుప్పు పట్టదు. అయితే పంపు లోపలే ఉంటుంది, దానిని పట్టి ఉంచే రబ్బరు ఏళ్ల తరబడి పెట్రోలులో నాని తారులా కరిగిపోతుంది. మూత తీసి పంపు చుట్టూ నల్లటి జిగురు ఉందేమో చూడండి. ఉన్నంత మాత్రాన బండి వదులుకోనక్కరలేదు. కొత్త రబ్బరు, కొత్త ఫిల్టరు, ట్యాంకు లోపలి పైపులు ఒకేసారి మార్చేస్తే సరిపోతుంది.

ఇంజన్ ముందు భాగంలో వాటర్ పంపు, ఆయిల్ పంపు ఒకే కూర్పులో ఉంటాయి. దాని అడుగున ఒక చిన్న రంధ్రం కనిపిస్తుంది. సీలు పోతే కూలెంటో ఆయిలో బయటికి కారి హెచ్చరించడానికే దానిని పెట్టారు. కారుతోందని ఎవరైనా ఆ రంధ్రాన్ని మూసేసి ఉంటే, అమ్మేవారి మిగతా మాటలను కూడా నమ్మకండి.

రెండవ సమాధానం

యంత్రం గురించి పైన చక్కగా చెప్పారు. నేను ఫెయిరింగ్ గురించే రాస్తాను, ఎందుకంటే ఇరవై ఏళ్లుగా ఇలాంటి బండ్లనే నడుపుతున్నాను.

ఇవి ఇప్పుడు ఎవరికీ నచ్చకపోవచ్చు కానీ, ఒకప్పుడు దూర ప్రయాణాలు చేసేవాళ్లు కోరి మరీ తెచ్చుకున్నవే. 1975లో హోండా గోల్డ్ వింగ్ వచ్చినప్పుడు దానికి ఫెయిరింగే లేదు, చాలామంది బయట కొనుక్కుని బిగించుకునేవారు. 1980లో గాని కంపెనీ తానే ఫెయిరింగ్‌తో కూడిన ఇంటర్‌స్టేట్ నమూనాను తీసుకురాలేదు. బీఎండబ్ల్యూ మాత్రం 1976లోనే విండ్ టన్నెల్‌లో పరీక్షించి రూపొందించిన ఫెయిరింగ్‌ను ఆర్100ఆర్‌ఎస్‌కు అమర్చింది. మీరు చూసిన బండి ఆ ఆలోచనకు కొనసాగింపే.

ఆకారం ఎంత పెద్దదన్నది కాదు, విండ్‌స్క్రీన్ పై అంచు మీ కళ్లకు ఎక్కడ వస్తుందన్నదే ముఖ్యం. అంచు మీద నుంచి రోడ్డు కనిపించాలి, అద్దంలోంచి కాదు. లేకపోతే రాత్రి వానలో ఎదురు దీపాలు నీటి చుక్కల మీద పడి చెదిరిపోయి ఏమీ కనిపించదు. అలాగని అంచు మరీ కిందికి ఉంటే, దానిని దాటివచ్చే గాలి సుడులు తిరుగుతూ నేరుగా హెల్మెట్‌ను కొడుతుంది. తల ఊగిపోతుంది, చెవుల్లో హోరు మొదలవుతుంది. మీరు మెడనొప్పి గురించి రాశారు కాబట్టి ఇది తప్పక పరీక్షించాలి. 80 కిలోమీటర్ల వేగంలో వెళ్తూ ఒకసారి నడుము నిటారుగా చేసి, ఒకసారి కొద్దిగా కిందికి జారి కూర్చుని చూడండి. ఏ ఎత్తులో హోరు ఆగిపోతుందో తెలిస్తే, అద్దం ఎన్ని అంగుళాలు పెరగాలో, తగ్గాలో మీకే తెలిసిపోతుంది.

పక్కగాలి గురించి కూడా సిద్ధంగా ఉండండి. వంతెన మీదికి ఎక్కినప్పుడో, పెద్ద లారీని దాటిన క్షణంలోనో ఫెయిరింగ్ మొత్తం తెరచాపలా పనిచేసి బండిని ఒక అడుగు పక్కకు నెడుతుంది. హ్యాండిల్‌ను గట్టిగా బిగించి పట్టుకుంటే ఊపు ఇంకా పెరుగుతుంది. చేతులు వదులుగా ఉంచి మోకాళ్లతో ట్యాంకును అదిమితే బండి తనంతట తానే సర్దుకుంటుంది.

వేడి కూడా ఉంటుంది. రేడియేటర్ గాలి కాళ్ల మీదికి వస్తుంది, కాసేపటికి ట్యాంకు కూడా వేడెక్కుతుంది. చలిలో హాయిగానే ఉంటుంది కానీ ఎండలో, నెమ్మదిగా కదిలే ట్రాఫిక్‌లో నిజంగా ఇబ్బంది పెడుతుంది. చూడ్డానికి వెళ్లినప్పుడు బండిని నిలబెట్టి, ఇంజన్ ఆపకుండా వేడెక్కనిచ్చి, ఫ్యాన్ తిరుగుతోందో లేదో తప్పక చూడండి.

ఇక దాగి ఉండే వాటి విషయానికి వస్తే, బండి ఒక్కసారి పక్కకు పడినా ఫెయిరింగ్‌ను ఫ్రేముకు పట్టి ఉంచే బ్రాకెట్లు వంగిపోతాయి, స్క్రూ రంధ్రాల చుట్టూ సన్నని పగుళ్లు వస్తాయి. బయట రంగు వేస్తే అవి కనిపించవు. రెండు చేతులతో ఫెయిరింగ్ అంచు పట్టుకుని మెల్లగా ఊపండి, లోపల టకటకమని వినిపిస్తే ఒక వైపు ముక్క విప్పించండి.

మూడవ సమాధానం

ఒక్క మాట. ఈ బండి 250 కిలోలు దాటుతుంది, ఫెయిరింగ్ వల్ల ఆ బరువులో కొంత భాగం పైన ఉంటుంది. ఇంజన్ ఆపి, దాని మీద కూర్చుని, వాలుగా ఉన్న చోట వెనక్కి నెట్టి చూడండి. అది మీ వల్ల కాకపోతే మిగతా పరీక్షలన్నీ అనవసరం. 1986 బండికి ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రం బిగుసుకోకుండా చూసే ఏర్పాటు) కూడా ఉండదు, కె100కు అది 1988లో వచ్చింది. టైరు పక్కన ఉండే నాలుగు అంకెల్లో మొదటి రెండు వారాన్ని, చివరి రెండు సంవత్సరాన్ని సూచిస్తాయి. గాడులు ఎంత లోతుగా కనిపించినా, అన్నేళ్లు నిలిచిపోయిన బండి టైర్ల మీద దూర ప్రయాణం చేయకండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. ఈరోజు మళ్లీ వెళ్లాను. యజమాని ఏ అభ్యంతరమూ చెప్పకుండా వెనుక చక్రం తీయనిచ్చారు. స్ప్లైన్ల మీద గ్రీజు గట్టిపడి బెల్లంపాకంలా ఉంది కానీ, తుడిచి చూస్తే పళ్లు చదునుగానే ఉన్నాయి, ఎర్రటి పొడి ఎక్కడా లేదు. పంపు రబ్బరు మీరు చెప్పినట్టే కరిగిపోయింది, వేలు పెడితే నల్లగా అంటుకుంది. ఫెయిరింగ్ కుడివైపు బ్రాకెట్ ఒకటి విరిగి తీగతో కట్టి ఉంది. ఎప్పుడో నిలబెట్టినప్పుడు పడిపోయిందని ఆయనే చెప్పారు. అద్దం అంచు నా కళ్లకంటే మూడు వేళ్లు కిందికి వస్తోంది. ఫ్యాన్ తిరిగింది. టైర్లు మార్చేదాకా పరీక్షకు వేగంగా నడపలేదు. బండి తీసుకుంటానని మాట ఇచ్చి వచ్చాను.

మొదటి సమాధానం ఇచ్చినవారు

సంతోషం. ఫైనల్ డ్రైవ్ మళ్లీ ఎక్కించేటప్పుడు పాత గ్రీజును పూర్తిగా కడిగేసి, పేస్టును పళ్ల మధ్య బ్రష్‌తో పలుచగా పట్టించండి. ఎక్కువ పూస్తే అది నిలవదు, చుట్టూ చిమ్ముతుంది. మొదటిసారి 10,000 కిలోమీటర్లకే విప్పి చూసుకోండి. పంపు రబ్బరు మార్చేదాకా ఇంజన్ మళ్లీ స్టార్ట్ చేయవద్దు, ఆ జిగురు ఇంజన్‌లోకి పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్ల దాకా వెళ్తే పని రెట్టింపవుతుంది.