స్టెప్నీ, డిక్కీ: చెడిన మాటలు కావు

కారులో అదనపు చక్రాన్ని ‘స్టెప్నీ’ అనీ, వెనుక సామాన్ల గదిని ‘డిక్కీ’ అనీ అంటాం. ఇవి ఇంగ్లీషు సరిగా పలకలేక మనవాళ్లు పాడుచేసుకున్న మాటలనీ, వాటి బదులు ‘స్పేర్ వీల్’, ‘బూట్’ అని రాయడమే శుద్ధమనీ కొందరు చెప్పే అభిప్రాయంతో నేను ఏకీభవించలేను. ఒడిశాలోని మా పర్లాకిమిడి షెడ్లలో పాత అంబాసిడర్ కింద జాకీ పెట్టిన తెలుగు కుర్రవాడు ‘డిక్కీలోంచి స్టెప్నీ తియ్యి’ అంటే పక్కనున్న ఒడియా మెకానిక్కు మారుమాట అడగకుండా తీసి ఇస్తాడు. ఎందుకంటే ఈ రెండు మాటలూ ఆయన భాషలోనూ ఉన్నాయి.

‘స్టెప్నీ’కి ‘స్టెప్’ అనే మాటతో సంబంధం లేదు. అది వేల్స్‌లోని లనెల్లీ పట్టణంలో ఒక వీధి పేరు. తొలినాటి మోటారు కార్లకు చక్రాన్ని ఊడదీసి మరొకటి బిగించే వీలుండేది కాదు కనుక, పంక్చరైతే నడిరోడ్డు మీదే టైరు విప్పి, ట్యూబుకు అతుకు వేసి, మళ్లీ ఎక్కించి గాలి కొట్టుకోవలసి వచ్చేది. ఈ అవస్థ తప్పించడానికి ఆ వీధిలోని డేవిస్ సోదరులు 1904లో ఒక సాధనం తయారుచేశారు: ఆకులు (స్పోకులు) లేని ఒట్టి రిమ్ముకు ముందే గాలి నింపిన టైరు తొడిగి, దాన్ని గాలి పోయిన చక్రం పక్కనే బిగించేవారు. పాత చక్రం ఉన్నచోటే ఉండేది, బరువు మాత్రం కొత్త టైరు మోసేది. ఊడదీసే చక్రాలు వచ్చాక ఆ సాధనం మూలపడింది. పేరు మాత్రం మన దేశంలో మిగిలిపోయింది. బ్రెజిల్ వాళ్లు ఈనాటికీ అదనపు చక్రాన్ని ‘ఎస్తెపి’ అంటారు.

‘డిక్కీ’ ఇంకా పాతది. గుర్రపు బగ్గీలకు వెనుకవైపు, పైకప్పు లేకుండా, నౌకర్లు కూర్చునే పీటకు ఆ పేరుండేది. ఇద్దరు పట్టే తొలి కార్లలో వెనుక మూత తెరిస్తే ఆసనంగా మారే చోటును కూడా బ్రిటన్‌లో అలాగే పిలిచారు. మనుషులు కూర్చున్న ఆ చోటే మన దగ్గర సామాన్ల గదికి పేరైంది.

‘డాష్‌బోర్డు’ సంగతీ ఇంతే: గుర్రాల డెక్కలు ఎగజిమ్మే బురద బండివాడి మీద పడకుండా అడ్డుపెట్టిన పలక అది.

కాబట్టి తెలుగు నిఘంటువుల్లో ‘స్టెప్నీ’ని అపభ్రంశమని కొట్టివేయకుండా, మూలం ఊరి వీధి పేరని స్పష్టంగా చూపుతూ, తెలుగు మాటగానే చేర్చాలని నా అభిప్రాయం. ‘అదనపు చక్రం’ అన్నది అర్థ వివరణగా పనికివస్తుందే గాని, షెడ్డులో ఎవరూ ఆ మాటతో చక్రం అడగరు.